బాలశౌరి పూలతోట

బాలశౌరి గీసిన తెరలను ముందు నుంచి చూసినవాళ్ళు ఈ పల్నాట్లో వేలమంది ఉన్నారు. ఏళ్ళ తరబడి వెనక నుంచి చూసినవాణ్ణి మాత్రం నేనే. మా నాటక సమాజంలో నాకెవరూ వేషం ఇవ్వలేదు. గొంతు బాగోదు, ముఖం అంతకన్నా బాగోదు అని మొహమాటం లేకుండా చెప్పేశారు. బడిలో తెలుగు పంతుల్ని కాబట్టి పుస్తకం చేతికిచ్చి తెర వెనక నిలబెట్టారు. పద్యం మరిచిపోయిన రాజుగారికి మొదటి ముక్క అందించడం నా పని. అందుకే ఆ తెరల గురించి మాట్లాడే హక్కు అందరికన్నా నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం. కాదన్నవాళ్ళతో పోట్లాటకు కూడా సిద్ధమే.

బాలశౌరిది రొంపిచెర్ల. వాళ్ళ నాన్న గోడలకు సున్నం వేసే మనిషి. ఆయన చర్చికి సున్నం వేస్తుంటే, మిగిలిన నీలిమందు తీసుకుని వీడు వెనక గోడ మీద దేవదూతల్ని గీశాడట. ఫాదర్ గారు వచ్చి చూసి చెవి మెలేశారు గానీ ఆ దేవదూతల్ని మాత్రం చెరపనివ్వలేదు. బొమ్మల్లో అతనికి దొరికిన చదువు అంతే. మనిషి పొట్టి. నవ్వితే వీధి చివరిదాకా వినపడుతుంది. కోపం వస్తే అసలు ఏమీ వినపడదు, మాట్లాడటం మానేస్తాడు. మెడలో సిలువ, గోళ్ళలో రంగు. ఆ గోళ్ళు చూసి మా ఆవిడ అతనికి అన్నం పెట్టినప్పుడల్లా పళ్ళెంలో చెంచా వేసేది. అతను ఆ చెంచాను మర్యాదగా పక్కన పెట్టి చేత్తోనే కలుపుకునేవాడు.

ఆ రోజుల్లో తెర తయారు చేయడమంటే ఒక పెళ్ళి చేసినంత హడావిడి. వినుకొండలో ముతక గుడ్డ తాను కొని, టైలరు చేత అంచులు కలిపి కుట్టించి, చర్చి ఆవరణలో నేల మీద పరిచి చుట్టూ మేకులు కొట్టి బిగించేవాడు. దానికి చింతగింజల జిగురు పట్టించి ఎండబెట్టేవాడు. రంగుల పొడిని కూడా అదే జిగురులో కలుపుకుని, ఉత్త కాళ్ళతో గుడ్డ మీద తిరుగుతూ, వంగి గీసేవాడు. తాను గీసిన చెరువులో తానే నిలబడి హంసకు ముక్కు పెట్టేవాడు. బొమ్మ మొత్తం ఎలా వచ్చిందో చూడాలంటే చర్చి గంట గోపురం మెట్లెక్కి పైనుంచి చూసుకునేవాడు. పూర్తయిన తెరను ఎవరన్నా మడత పెట్టబోతే అతనికి ప్రాణం పోయేది. వెదురుబొంగుకు చుట్టాల్సిందే, మడిస్తే రంగు పెళ్ళలుగా లేస్తుంది. నీళ్ళు తగిలితే ఇంకా ఘోరం, జిగురు కరిగి రంగు కారిపోతుంది. నాటకం మధ్యలో చినుకు పడితే మేము రాజుల్నీ రాణుల్నీ వాళ్ళ మానాన వదిలేసి, తెర మీద పట్టా కప్పడానికి పరుగెత్తేవాళ్ళం.

దర్బారు, వీధి, అడవి, పూలతోట. ఈ నాలుగు తెరలూ ఉంటే సమాజం ఉన్నట్టే. ఏ కథైనా ఈ నాలుగింటిలోనే జరిగి తీరాలి. బాలశౌరికి పూలతోట అంటే ఇష్టం. పాలరాతి మెట్లు, నీళ్ళు చిమ్మే ఫౌంటెన్, చెరువులో హంసలు, మండపానికి పాకిన తీగలు, వీటన్నిటి వెనకా మూడు శిఖరాలతో కోటప్పకొండ. ఏ దేశపు రాజుగారి తోటైనా సరే, వెనక కోటప్పకొండ ఉండాల్సిందే. ఇదెక్కడి విడ్డూరమయ్యా, ఆ రాజు ఎక్కడివాడు, ఈ కొండ ఎక్కడిది అని నేను పండితుడి బుద్ధి చూపించబోతే, కొండ లేకపోతే వెనక ఖాళీగా ఉంటుందని చెప్పి తన పని తాను చేసుకున్నాడు.

తిరునాళ్ళకు కోటప్పకొండ వెళ్ళే ఎత్తైన వెదురు ప్రభలకు కూడా చాలా ఊళ్ళవాళ్ళు అతని చేతే బొమ్మలు వేయించేవాళ్ళు. మెడలో సిలువ ఊగుతుండగా పరంజా ఎక్కి శివుడికి మూడో కన్ను పెడుతుంటే, మా దేవుడికి నువ్వు కన్ను పెట్టడమేందని ఒకాయన ఎకసెక్కెం చేశాడట. అయితే కన్ను లేకుండానే తీసుకుపొండి అని బాలశౌరి కిందికి దిగిపోయాడు. మళ్ళీ ఆ ఒకాయనే టీ తాగించి నిచ్చెన ఎక్కించాడు.

ఆ కాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మాచర్లలో, గురజాలలో, కారెంపూడిలో, ఎక్కడ నాటకం పెట్టినా జనం ట్రాక్టర్ల మీద, బండ్ల మీద చాపలు వేసుకుని వచ్చేవాళ్ళు. వేరుశనక్కాయల పొట్టు, బీడీల పొగ, సోడాకాయ కొట్టిన చప్పుడు, మైకులో కుయ్యిమనే కూత. బొంగుకు చుట్టిన తెర పైనుంచి మెల్లగా విప్పుకుంటూ దిగేది. ముందు కొండ కనపడేది, తర్వాత తీగలు, తర్వాత ఫౌంటెన్, చివరికి మెట్లు. మెట్లు నేలకు ఆనేసరికి జనం నోట ఒక్కసారిగా 'అబ్బ' అన్న మాట వచ్చేది. అది నేను ప్రతిసారీ విన్నాను. ఆ తెర గీసినవాడు ఒక్కసారి కూడా వినలేదు. తెర అప్పగించగానే ఇంకో ఊరి పనికి వెళ్ళిపోయేవాడు. రాజులు అంతసేపు రాగం తీస్తుంటే తనకు నిద్రొస్తుందని అనేవాడు.

తెర మీద బొమ్మ ఎవరిదైనా పేరు మాత్రం దాతది. అది మా ప్రాంతపు ఆనవాయితీ. పైన, కొండకన్నా పెద్ద అక్షరాలతో, ఫలానా వారి జ్ఞాపకార్థం ఫలానా వారు సమర్పించినది అని రాయాలి. మంచు కురిసినా వాన పడినా పేరు చెక్కుచెదరకూడదని దాతలు పట్టుబట్టేవాళ్ళు. అందుకని బొమ్మంతా జిగురు రంగుతో వేసి, ఆ అక్షరాలను మాత్రం డబ్బా ఎనామిల్ పెయింటుతో రాసేవాడు బాలశౌరి. ఒకసారి ఓ మూలన తన పేరు కూడా చిన్నగా రాసుకున్నాడు. సమాజం ప్రెసిడెంటు చూసి, కూలి తీసుకున్నవాడికి మళ్ళీ పేరెందుకని పదిమందిలో అడిగాడు. బాలశౌరి కుంచె తీసుకుని ఆ పేరు మీద ఒక పొద గీసేశాడు. ఆ తర్వాత చానాళ్ళు మా ఎవరితోనూ మాట్లాడలేదు.

మా పూలతోట తెరకు దాత బొల్లాపల్లి దగ్గరి ఆసామి నరసింహారావు. వాళ్ళ నాన్న పేరు మీద ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, మంత్రి వేషం తనకే కావాలన్నాడు. మంత్రికి ఉన్నవి రెండే మాటలు. ఆ రెండూ మరిచిపోయి నిలబడితే నేను తెర వెనక నుంచి అందించాను. ఆయనకు సరిగ్గా వినపడలేదు. రాజుగారికి వీపు చూపించి తెరవైపు తిరిగి "ఏందీ?" అని గట్టిగా అడిగాడు. జనం పడీ పడీ నవ్వారు. ఆయన భార్య పిచ్చమ్మ ముందు వరసలో కూచుని అందరికన్నా ఎక్కువ నవ్వింది. పెద్ద మనసున్న మనిషి నరసింహారావు, అది చెప్పుకుని తానూ నవ్వేవాడు.

తర్వాత ఇళ్ళల్లోకి టీవీలు వచ్చాయి. సమాజంలో ఒకరిద్దరు పోయారు, ఒకరిద్దరు పోట్లాడుకున్నారు, మిగిలినవాళ్ళకు ఓపిక పోయింది. తెరలు తలా ఒకరు పట్టుకుపోయారు. దర్బారు తెరను ఎవరో కల్లంలో మిరపకాయల మీద కప్పారు. వీధి తెర మాచర్ల రోడ్డులో ఒక హోటలు వెనక దడి అయింది. అడవిని ఎలుకలు తినేశాయి. బాలశౌరి గోడల మీద సిమెంటు ప్రకటనలు రాశాడు, ట్రాక్టర్ల వెనక పేర్లు రాశాడు, బండ్లకు నంబర్లు రాశాడు. ఫ్లెక్సీలూ స్టిక్కర్లూ వచ్చాక ఆ పనీ పోయింది. గోళ్ళు శుభ్రమయ్యాయి. ఆ గోళ్ళు అలా తెల్లగా ఉండటం చూస్తే నాకు ఏదోలా ఉండేది.

ఈ మధ్య నరసరావుపేటలో కొందరు పిల్లలు చేరి, పల్నాటి చిత్రకారుల బొమ్మలతో మూడు రోజుల ప్రదర్శన పెట్టాలనుకున్నారు. వాళ్ళకు పెద్ద దిక్కు శ్రీదివ్య అనే అమ్మాయి. రొంపిచెర్ల పిల్లే, పేటలో ఒక స్కూల్లో డ్రాయింగ్ చెబుతుంది. వాళ్ళ నాయనమ్మ నోట ఈ తెరల మాట విని బాలశౌరి ఇంటికి వెళ్ళి, మీరు గీసినవి ఏమన్నా ఉన్నాయా తాతా అని అడిగింది. అతని దగ్గర ఏమీ లేవు. కనీసం ఫోటో కూడా లేదు. నాటకాల ఫోటోలు నా దగ్గర కొన్ని ఉన్నాయి గానీ వాటిలో అన్నీ నటుల పొట్టలే. వెతగ్గా వెతగ్గా ఒక రాజుగారి మోచేతి వెనక హంస తోక కనపడింది. ఒక్క తెర దొరికినా చాలు, హాలు మధ్యలో కట్టి కింద మీ పేరు రాస్తాం అని చెప్పి వెళ్ళింది శ్రీదివ్య.

మర్నాడు పొద్దున్నే బాలశౌరి బస్సెక్కి పేటలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు. తర్వాత తలొంచుకుని చెప్పాడు.

"మేష్టారూ, డెబ్బయ్యైదు దాటినయ్ నాకు. ఎంతమంది పేర్లో రాశా. ఒక్కసారి నా బొమ్మ కింద నా పేరు చూసుకుని పోవాలని ఉంది. ఎట్టన్నా ఒక తెర ఎతికిపెట్టు."

అతను నాకు తెలిసిన ఇన్నేళ్ళలో నన్ను ఏదీ అడగలేదు. నా దగ్గరున్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేశాను. సగం నంబర్లు పనిచేయలేదు, సగం మంది నన్ను గుర్తుపట్టలేదు, ఒకడైతే నాటకాలేంది సార్ అని విసుక్కుని పెట్టేశాడు. చివరికి పిచ్చమ్మ దొరికింది. నరసింహారావు పోయి చాలా ఏళ్ళయింది. పూలతోట తెర తమ ఇంట్లోనే ఉందని, ఎరువుల సంచులు చుట్టి కొట్టంలో దూలాల మీద పెట్టించానని, ఏడాదికోసారి దించి చుట్ట విప్పకుండానే దుమ్ము దులుపుతానని చెప్పింది. బాలశౌరికి చెబితే, మడిచారా బొంగుకు చుట్టారా అని ముందు అదే అడిగాడు. పిచ్చమ్మతో శ్రీదివ్య కూడా మాట్లాడి, ప్రదర్శనకు ఊళ్ళ నుంచి చానామంది వస్తారని, ఆమెను కూడా రమ్మని పిలిచింది.

ఆదివారం వినుకొండలో ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. బొంగు పొడుగు కాబట్టి మామూలు ఆటోలో పట్టదు. బాలశౌరి భార్య ఆరోగ్యమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసి, దుమ్ములో మాపుకు రావద్దని గట్టిగా చెప్పి పంపింది. దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. తీగలకు పసుపుపచ్చ ఎలా కలిపాడో, ఫౌంటెన్ నీళ్ళకు తెలుపు ఎక్కడ వదిలాడో చెబుతుంటే, ఈ మనిషి మళ్ళీ నలభై ఏళ్ళవాడయ్యాడు అనిపించింది.

పిచ్చమ్మ గేటు దగ్గరికే ఎదురొచ్చింది. మంచినీళ్ళు ఇచ్చింది, మజ్జిగ ఇచ్చింది, ఎండల గురించి అడిగింది, నా మోకాళ్ళ గురించి అడిగింది. తెర మాట మాత్రం ఎత్తలేదు. కోడలు స్వాతి తలుపు వెనక నిలబడి మా వంక చూడకుండా నేల వంక చూస్తోంది. ఇక ఆగలేక బాలశౌరే అడిగాడు, తెర యాడుందమ్మా అని. ఆమె డాబా మెట్లెక్కింది. మేం వెనకే ఎక్కాం.

డాబా మీద, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ఒక తెల్లటి గుడ్డ ఆరేసి ఉంది. అక్కడక్కడా లేత నీలం మరకలు తప్ప ఏమీ లేదు. హంసలు లేవు, మెట్లు లేవు, కొండ లేదు. పైన మాత్రం ఎర్రటి ఎనామిల్ అక్షరాలు నిన్న రాసినట్టు మెరిసిపోతున్నాయి. నరసింహారావు పేరు, వాళ్ళ నాన్న పేరు.

"పదిమందిలోకి పోయే గుడ్డ గదా, మాసిపోయిందాన్ని ఎట్టా పంపను అనుకున్నానయ్యా," అంది పిచ్చమ్మ. "బోరు కాడ తొట్టిలో సబ్బుపొడి ఏసి నానబెట్టా. నీళ్ళు రంగు దిగుతుంటే ఇన్నేళ్ళ మురికే అనుకున్నా. ఎత్తి చూస్తే ఏం మిగల్లా. నా చేతులతో నేనే జేశా."

ఆమె మీద నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరికన్నా గిన్నె తిరిగి ఇవ్వాలన్నా తళతళా తోమి ఇస్తారు, అరువు తెచ్చిన దుప్పటైనా ఉతికి మడతపెట్టి పంపుతారు. మాసినది గడప దాటించడం వాళ్ళకు నామోషీ. అదంతా నాకు తెలుసు. తెలిసినా కోపం ఆగలేదు. నోరు తెరవబోతే బాలశౌరి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వంగి, ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి రుద్ది చూశాడు. పేర్లకేం కాలేదులేమ్మా, మంచి పెయింటు వాడాను, బాధపడొద్దు అన్నాడు. కిందికి దిగి మిగిలిన మజ్జిగ కూడా తాగాడు. ఖాళీ ట్రాలీలో వెనక్కి వచ్చాం. వినుకొండ బస్టాండులో దిగాం. బస్సు ఎక్కబోతూ ఆగాడు.

"నా పేరు తీసెయ్యమను ఆ పిల్లని. బొమ్మ లేకుండా పేరేంది."

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆరోగ్యమ్మ ఎత్తి, మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడని చెప్పింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు.

ప్రదర్శన మొదలైంది. ఇలాంటివాటిలో ఏమేం జరుగుతాయో అన్నీ జరిగాయి. జ్యోతి వెలిగించబోతే గాలికి ఆరిపోయింది. ముఖ్య అతిథి బొమ్మల వంక చూడకుండా శాలువా కప్పించుకుని మాట్లాడి వెళ్ళిపోయాడు. గోడలకు చిన్న చిన్న ఫ్రేముల్లో బొమ్మలు బాగానే ఉన్నాయి, ఒక కుర్రాడు నాగార్జునసాగర్ నీళ్ళను చాలా బాగా వేశాడు. చూడటానికి వచ్చినవాళ్ళు మాత్రం ఆ పిల్లల తల్లిదండ్రులూ, నాలాంటి పనిలేనివాళ్ళూ. శ్రీదివ్య ముఖం చిన్నబోయింది.

రెండో రోజు పొద్దున పిచ్చమ్మ వచ్చింది. కోడలినీ, ఊళ్ళో ఆడవాళ్ళు కొందరినీ వెంటబెట్టుకుని, చంకలో గుడ్డమూటతో హాల్లోకి నడిచి, దీన్ని కట్టమ్మా అంది శ్రీదివ్యతో. శ్రీదివ్య మూట విప్పి చూసి, నా వంక చూసి, నొప్పించకుండా చెప్పబోయింది, ఇందులో ఏమీ లేదు గదా పెద్దమ్మా అని. పిచ్చమ్మ కదల్లేదు.

"ఏమున్నదో నే చెబుతా. నువ్వు కట్టు."

హాలు చివర స్టేజీ మీద కట్టారు. పిచ్చమ్మ దాని పక్కన నిలబడింది. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ మెట్లుండేవి, ఇక్కడ హంసలు, ఇదుగో ఈ వారన ఫౌంటెన్, నేనే ఉతికి పాడుజేశా అని. మొదట పిల్లలు ముసిముసిగా నవ్వారు. ఈమెకు మతి చలించిందేమో అని నేనూ భయపడ్డాను.

అంతలో వినుకొండ పీర్ సాహెబ్ లేచాడు. ఒకప్పుడు పల్నాట్లో ఎక్కడ నాటకం జరిగినా సోడాబండి ఈయనదే. ఫౌంటెన్ ఆ వారన కాదు, ఈ వారన అన్నాడు. తన బండి ఎప్పుడూ ఈ వారనే పెట్టేవాడినని, ఫౌంటెన్ చూస్తూనే సోడాలు కొట్టానని వాదించాడు. ఆయన ఫోన్ చేసి తన ఈడువాళ్ళను పిలిచాడు. పిచ్చమ్మతో వచ్చినవాళ్ళు తమ చుట్టాలను పిలిచారు. మధ్యాహ్నానికి గురజాల నుంచీ మాచర్ల నుంచీ కూడా మనుషులు దిగారు. మండపానికి స్తంభాలు ఎన్ని, హంసల్లో ఏది తల వంచింది, తీగలకు పూలు ఎరుపా పసుపా అని ఆ తెల్లగుడ్డ ముందు నిలబడి ఒకటే గొడవ. ఎవరికీ రాజు పేరు గుర్తులేదు. నేను చచ్చీ చెడీ అందించిన పద్యాల్లో ఒక్క పాదం కూడా ఎవరికీ గుర్తులేదు. నాకు కొంచెం కుళ్ళు పుట్టిన మాట నిజమే. తోట మాత్రం ఆకు ఆకుతో సహా అందరికీ గుర్తుంది.

నేను బయటికి పరుగెత్తి ఆరోగ్యమ్మకు ఫోన్ చేశాను. మనిషిని ఎలాగైనా తీసుకురమ్మన్నాను. ఏం చెప్పి లేపిందో తెలియదు, నాలుగు కాకముందే ఆటోలో తీసుకొచ్చింది. బాలశౌరి వచ్చి వెనక వరసలో కూచున్నాడు. అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు, ఎప్పుడన్నా చూస్తే గదా. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మెడ కొంచెం ముందుకు చాపి వింటున్నాడు.

అప్పుడు మాచర్ల నుంచి వచ్చిన సుశీల అనే ఆమె ముందుకొచ్చింది. ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తుందట. చెరువు పక్కన రెండు జింకలుండాలి, వాటి మాట ఎవరూ చెప్పలేదేంది అని అడిగింది. పీర్ సాహెబ్ ఒకటే అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"చిన్నప్పుడు మా అమ్మ చనిపోయిన ఏడు మా మేనత్త నన్ను నాటకానికి తీసుకుపోయింది. నేను నాటకం చూళ్ళా. ఆ జింకల్నే చూస్తా కూచున్నా. పిల్ల నీళ్ళు తాగుతుంటే తల్లి తలెత్తి కాపలా కాస్తా ఉండేది. నాకు తెలవదా?"

పీర్ సాహెబ్ తగ్గలేదు, ఆమె తగ్గలేదు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఎందుకీ రభస, గీసినాయనే ఉన్నాడు గదా అని నేను వెనక వరస చూపించాను. హాలంతా వెనక్కి తిరిగింది. బాలశౌరి మెల్లగా లేచాడు. సుశీల అతని దగ్గరికి వచ్చి నిలబడింది, రెండే గదా అన్నా అని అడిగింది. ఆమె గొంతులో వాదన లేదు, భయం ఉంది.

బాలశౌరి స్టేజీ మీది తెల్లగుడ్డ వంక చాలాసేపు చూశాడు.

"రెండేనమ్మా," అన్నాడు. "తల్లీ, పిల్లా."

పీర్ సాహెబ్ తన వయసును తిట్టుకుని నవ్వేశాడు. సుశీల కళ్ళు తుడుచుకుంది. పిచ్చమ్మ స్టేజీ దిగి వచ్చి, బాలశౌరి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని అలాగే నిలబడింది. అతనూ విడిపించుకోలేదు.

కాసేపటికి ఇద్దరం వరండాలోకి వచ్చి టీ తీసుకున్నాం. నేను ఆ తెర గీస్తుండగా చూసినవాణ్ణి, తర్వాత దాని వెనకే బతికినవాణ్ణి. లోపలి మాట నాకు మింగుడు పడలేదు.

"జింక ఒకటే గదయ్యా ఉంది," అన్నాను.

"ఒకటే," అన్నాడు. "గోధుమరంగు పొడి అయిపోతే రెండోది ఎయ్యలా. ఆ నర్సమ్మ ఇన్నేళ్ళూ దాన్నే చూసుకుంటా బతికింది. ఉతికినా పోలా అది. నేను పొమ్మంటే బాగుంటదా?"

అతను టీ సగంలో వదిలేసి గ్లాసు గోడ మీద పెట్టాడు. లోపల మళ్ళీ ఎవరో మొదలుపెట్టారు, కొండ పక్కన మబ్బు ఉందా లేదా అని. వినడానికి గబగబా గుమ్మం దాకా వెళ్ళి, నా వైపు తిరిగాడు.

"మేష్టారూ, ఆ పిల్లకి చెప్పు, కింద నా పేరు రాయమను. చాట్ల బాలశౌరి అని, ఇంటిపేరుతో సహా."